పాత ఏసీ తీసి కొత్తది పెట్టాలంటే ఎంతవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏసీ మార్చాలన్న ఆలోచన వాతావరణం చల్లగా ఉన్న రోజున ఎవరికీ రాదు. నడివేసవిలో, అర్ధరాత్రి, అది కాస్తా ఆగిపోయాక వస్తుంది. అప్పుడిక మెకానిక్ ఏం చెబితే అదే వేదం, షాపులో ఏది ఉంటే అదే మోడల్. ఆ హడావిడిలో పోయే డబ్బు మామూలుగా ఉండదు. కాబట్టి ఇంట్లో ఏసీ ఇంకా నడుస్తుండగానే ఇవి ఒకసారి చదివి పెట్టుకోండి.

మొత్తం ఎంతవుతుంది? ఒక్క అంకె చెప్తే చాలు.

ఒక్క అంకె చెప్పేవాళ్ళు యంత్రం ధర మాత్రమే చెబుతున్నారని అర్థం. నిజానికి మీ జేబులోంచి పోయే ఖర్చులు మూడు. యంత్రం ధర ఒకటి. పాతది దింపి కొత్తది బిగించే ఖర్చు రెండోది. అది నడిచినన్నాళ్ళూ కట్టే కరెంటు బిల్లు మూడోది. మొదటిది అందరికీ కనిపిస్తుంది, దాని మీదే బేరమాడతాం. రెండోది బిగించే రోజున బయటపడుతుంది. మూడోది నెలనెలా కొద్దికొద్దిగా పోతుంది కాబట్టి ఎవరూ కూడి చూడరు.

కూడి చూద్దాం. ఒకటిన్నర టన్నుల ఏసీ సగటున గంటకు ఒక యూనిట్ కరెంటు తాగుతుందనుకోండి. రోజుకు 8 గంటలు, ఏడాదిలో 150 రోజులు వాడితే 1,200 యూనిట్లు. పదేళ్ళకు 12,000 యూనిట్లు. మీరు యూనిట్‌కు ఎంత కడుతున్నారో దాంతో గుణించి, వచ్చిన మొత్తాన్ని కొత్త ఏసీ ధర పక్కన పెట్టి చూడండి. చాలా ఇళ్ళలో కరెంటు ఖర్చు యంత్రం ధరను దాటిపోతుంది. అంటే తక్కువ ధరకు దొరికిందని సంబరపడి కొన్న ఏసీ, చివరికి ఇంట్లో అన్నిటికన్నా ఖరీదైన వస్తువు కావచ్చు. ఏడాదికి ఇరవై రోజులు మాత్రమే వాడే వాళ్ళకు లెక్క పూర్తిగా తిరగబడుతుంది, వాళ్ళకు యంత్రం ధరే ముఖ్యం. అందుకే పక్కింటివాళ్ళకు ఎంతయిందో కనుక్కునే ముందు, మీ ఇంట్లో ఏసీ ఏడాదికి ఎన్ని గంటలు నడుస్తుందో రాసుకోండి. మిగతా నిర్ణయాలన్నీ ఆ అంకెను బట్టే ఉంటాయి.

రిపేరు చేయించాలా, మార్చేయాలా?

పాడైన భాగాన్ని బట్టి, ఏసీ వయసును బట్టి. గోడకు బిగించే స్ప్లిట్ ఏసీ మామూలుగా పది నుంచి పదిహేనేళ్ళు నడుస్తుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలే చోట, రోజంతా ఆపకుండా నడిపే చోట అంతకన్నా ముందే అలసిపోతుంది.

కెపాసిటర్ (మోటారు మొదలవడానికి ఊతమిచ్చే చిన్న భాగం), సెన్సర్, రిమోట్, ఫ్యాన్ మోటారు వంటివి పోతే ఆలోచించక్కర్లేదు, వేయించుకోండి. అవుట్‌డోర్ ఫ్యాన్ తిరుగుతున్నా కంప్రెసర్ మాత్రం ఒకసారి మూలిగి ఆగిపోతోందంటే చాలాసార్లు తప్పు కెపాసిటర్‌దే. చవకలో పోయే రిపేరు అది. దాన్నే కంప్రెసర్ పోయిందని చెప్పి కొత్త ఏసీ కొనిపించేవాళ్ళూ ఉన్నారు. 'కెపాసిటర్ మీటర్ పెట్టి చూశారా?' అని ఒక్క ప్రశ్న అడగండి. జవాబు వచ్చే తీరులోనే సంగతి తెలిసిపోతుంది.

పీసీబీ, అంటే ఏసీని నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు, పోతే కాస్త ఆలోచించాలి. బోర్డు మొత్తం మార్చడం ఖరీదే, కానీ కొందరు కాలిన భాగం మాత్రమే మార్చి బాగు చేస్తారు. అయిదారేళ్ళ ఏసీకి అది లాభమే.

అసలు చిక్కు గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ దగ్గర, వేడిని పీల్చి వదిలే గొట్టాల చుట్ట అయిన కాయిల్ దగ్గర వస్తుంది. ఏసీకి ఇవే గుండె, ఊపిరితిత్తులు. పదేళ్ళు దాటిన ఏసీలో వీటిలో ఏది పోయినా, రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగానికి చేరితే, ఇక దాని మీద ప్రేమ తగ్గించుకోవడమే మంచిది. వారంటీ ఉంది కదా అని కంప్రెసర్ మార్పించే ముందు కూడా ఒక సంగతి అడగాలి: పాత కంప్రెసర్ ఎందుకు పోయింది? కంప్రెసర్ లోపలి మోటారును చల్లబరిచేది దాని గుండా తిరిగే గ్యాసే. గ్యాస్ తగ్గితే మోటారు వేడెక్కుతుంది. అవుట్‌డోర్ కాయిల్ దుమ్ముతో మూసుకుపోయినా అంతే. ఆ కారణాన్ని అలాగే ఉంచి కొత్త కంప్రెసర్ బిగిస్తే, అదీ పాతదాని దారే పడుతుంది.

ప్రతి ఏడాదీ గ్యాస్ నింపించాలంటున్నారు. నిజమేనా?

కాదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకున్నా మీకు బోలెడు డబ్బు మిగులుతుంది. ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ళ తరబడి తిరుగుతూ ఉంటుంది. లోపల ద్రవం ఆవిరై గదిలోని వేడిని పీల్చుకుంటుంది, బయట మళ్ళీ ద్రవంగా మారి ఆ వేడిని వదిలేస్తుంది. గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో చిల్లు ఉన్నట్టే. చిల్లు మూయకుండా గ్యాస్ నింపడం అంటే ఓటి కుండలో నీళ్ళు పోయడమే.

మా ఇంట్లో పాత ఏసీకి వరుసగా మూడు వేసవులు గ్యాస్ కొట్టించాం. నాలుగో ఏడు వచ్చిన కుర్రాడు ముందుగా సబ్బు నురగ రాశాడు. అవుట్‌డోర్ యూనిట్ దగ్గర నట్ కింద బుడగలు వచ్చాయి. పైపు చివర కోసి, మళ్ళీ ఫ్లేర్ చేసి, అంటే అంచును గరాటులా వెడల్పు చేసి, బిగించాడు. ఆ తర్వాత అది నడిచినన్నాళ్ళూ గ్యాస్ మాటే రాలేదు. మూడేళ్ళ డబ్బు అక్షరాలా గాలిలో కలిసిపోయింది.

చల్లదనం తగ్గిన ప్రతిసారీ గ్యాసే కారణం కాదు కూడా. ఫిల్టరు మూసుకుపోయినా చల్లగా రాదు, ఇండోర్ కాయిల్ మీద మంచు కూడా పడుతుంది. ఫిల్టరు కడగడానికి మెకానిక్ అక్కర్లేదు. నిజంగా గ్యాస్ తగ్గితే మాత్రం ముందు నైట్రోజన్ నింపి లీకు ఎక్కడో పట్టాలి, దాన్ని మూయాలి, వ్యాక్యూమ్ చేయాలి, అంటే పైపుల్లోని గాలిని, తేమను పంపుతో లాగేయాలి, అప్పుడు ఏసీ మీది ప్లేటులో రాసిన బరువు ప్రకారం తూచి గ్యాస్ ఎక్కించాలి. లీకు కాయిల్ లోపల ఉంటే, ఏసీ కూడా పాతదైతే, అక్కడికి ఆపి కొత్తదాని గురించి ఆలోచించండి.

మా ఏసీలో ఆర్-22 గ్యాస్ ఉంది. దానికి కొత్త రకం గ్యాస్ ఎక్కించుకోవచ్చా?

వద్దు. ఆర్-22 ఓజోన్ పొరను తినేసే రకం. 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం కింద ప్రపంచమంతా దాన్ని వదిలించుకుంటోంది. అభివృద్ధి చెందిన దేశాలు 2020 నాటికే కొత్త తయారీని ఆపేశాయి. మిగతా దేశాలకు 2030 గడువు, ఆ తర్వాత పాత యంత్రాల సర్వీసు కోసం మాత్రం కొద్దిపాటి వెసులుబాటు. అంటే ఆర్-22 దొరకడం ఏటికేడు కష్టమవుతుంది, ధరా పెరుగుతుంది.

దాని బదులు తర్వాత వచ్చిన ఆర్-410ఏ అనే గ్యాస్ ఎక్కిస్తానని ఎవరైనా అంటే అసలు ఒప్పుకోకండి. ఆ గ్యాస్ ఒత్తిడి ఆర్-22 కన్నా దాదాపు 60 శాతం ఎక్కువ. పాత కంప్రెసర్, పాత కాయిల్ ఆ ఒత్తిడి కోసం చేసినవి కావు. కంప్రెసర్‌లో వాడే నూనె కూడా వేరు. ఆర్-22 ఏసీలో పెద్ద లీకు వచ్చిందంటే, అది మార్చే సమయం వచ్చిందని అనుకోవచ్చు.

అయితే కొత్త ఏసీ ఏ గ్యాస్‌ది కొనాలి?

ఇప్పుడు ఇళ్ళ ఏసీల్లో ఎక్కువగా కనిపించేది ఆర్-32. దానికి ముందు వచ్చిన ఆర్-410ఏ రెండు గ్యాసుల మిశ్రమం, అందులో సగం ఆర్-32నే. ఇవి రెండూ ఓజోన్‌కు హాని చేయవు. కానీ భూమిని వేడెక్కిస్తాయి. బొగ్గుపులుసు వాయువును 1 అనుకుంటే ఆర్-410ఏ ప్రభావం 2,088, ఆర్-32ది 675. 2016లో కిగాలీలో కుదిరిన సవరణ ప్రకారం ఇలాంటి గ్యాసులను కూడా దేశాలు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఎక్కువ అంకె ఉన్నవే ముందు పోతాయి.

ఇది పర్యావరణం సంగతి కదా, మన ఖర్చుకేం సంబంధం అంటారా? ఉంది. మీరు కొనే ఏసీ పన్నెండేళ్ళు ఉండాలి. తొమ్మిదో ఏట లీకు వస్తే ఆ రోజున గ్యాస్ సులువుగా, అందుబాటు ధరలో దొరకాలి. స్టాకు వదిలించుకోవడానికి తగ్గింపు ధరకు ఇచ్చే ఆర్-410ఏ మోడల్ చూసినప్పుడు ఈ లెక్క కూడా వేసుకోండి.

ఆర్-290 అనే రకం కూడా ఉంది. అది ప్రొపేనే, మన వంటగ్యాసులో ఉండే వాయువే. భూమిని వేడెక్కించే గుణం దాదాపు లేనట్టే, పనితనమూ బాగుంటుంది, కాకపోతే సులువుగా అంటుకుంటుంది. అందుకే వాటిలో గ్యాస్ చాలా తక్కువ నింపుతారు. ఆర్-32 కూడా కొద్దిగా అంటుకునే స్వభావం ఉన్నదే. మామూలు వాడకంలో టెన్షన్ పడాల్సింది లేదు. రిపేరుకు వచ్చినతను గ్యాస్ పూర్తిగా తీయకుండా పైపు మీద మంట పెడితే ప్రమాదం. ఆ గ్యాస్‌తో పనిచేయడం నేర్చుకున్న మనిషినే పిలవండి.

పాతది ఒకటిన్నర టన్నులు. కొత్తదీ అంతే తీసుకోవాలా?

అందరూ చేసేది అదే. కానీ పాతది సరైన సైజని ఎవరు చెప్పారు?

టన్ను అంటే ఏసీ బరువు కాదు. మంచుగడ్డలతో చల్లబరిచే రోజుల నుంచి వచ్చిన కొలత అది. ఒక షార్ట్ టన్ను, అంటే సుమారు 907 కిలోల మంచు, 24 గంటల్లో కరగడానికి ఎంత వేడిని పీల్చుకుంటుందో అంత వేడిని బయటికి తోడగల శక్తి ఒక టన్ను. గంటకు 12,000 బీటీయూలు (వేడిని కొలిచే యూనిట్లు), లేదా సుమారు 3.5 కిలోవాట్లు. కొన్ని ఏసీల పెట్టెల మీద కిలోవాట్లలోనే రాస్తారు, కంగారుపడి 5.2 కిలోవాట్లంటే అంత కరెంటు తాగుతుందనుకోకండి. అది తోడే వేడి. తాగే కరెంటు దానిలో మూడో వంతో, నాలుగో వంతో ఉంటుంది.

గదిలోకి వేడి ఎక్కడెక్కడి నుంచి వస్తుందో చూస్తేగాని సైజు తేలదు. పైన ఎండ తగిలే స్లాబు ఉందా, ఇంకో అంతస్తు ఉందా అన్నది అన్నిటికన్నా పెద్ద తేడా. తర్వాత పడమటి కిటికీ. సాయంత్రం ఎండ అద్దంలోంచి నేరుగా లోపలికి దిగితే ఏసీ సగం శక్తి దానితో పోరాడటానికే సరిపోతుంది. సీలింగ్ ఎత్తు, పడుకునే మనుషుల సంఖ్య, లోపల నడిచే టీవీ, కంప్యూటర్ కూడా లెక్కే. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది, పాతకాలపు బల్బు ఒకటి వెలిగినట్టు. గది పొడవు వెడల్పులు మాత్రమే అడిగి టన్నులు చెప్పేసే వాళ్ళు వీటన్నిటినీ వదిలేస్తున్నారు.

పెద్దది కొంటే పోలా, ఎందుకైనా మంచిది అనేది చాలామంది వాదన. పెద్ద ఏసీ గదిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, కాసేపటికి మళ్ళీ మొదలవుతుంది. గాలిలో తేమ తీయాలంటే కాయిల్ మీదుగా గాలి చాలాసేపు తిరగాలి, ఆ అవకాశమే ఉండదు. చల్లగా ఉంటుంది, కానీ జిగటగా ఉంటుంది. కంప్రెసర్ మాటిమాటికీ ఆగి మొదలవడం దాని ఆయుష్షుకూ చేటే. కంప్రెసర్ వేగం తగ్గించుకోగల ఇన్వర్టర్ రకంలో ఈ ఇబ్బంది తక్కువ, అయినా అవసరానికి మించి పెద్దది కొంటే ఎక్కువ పెట్టిన డబ్బు వృథాయే.

నన్నడిగితే ఏసీ మార్చడానికి ముందు స్లాబు సంగతి, కిటికీ సంగతి చూడమంటాను. స్లాబు పైన వేడిని తిప్పికొట్టే తెల్లపూత, పడమటి కిటికీకి బయటివైపు నీడ, తలుపుల కింద సందులు మూయడం. వీటితో రెండు టన్నులు కావాల్సిన గదికి ఒకటిన్నర సరిపోవచ్చు. అప్పుడు యంత్రం ధరా తగ్గుతుంది, ఏటా బిల్లూ తగ్గుతుంది.

ఇన్వర్టర్ ఏసీకి ఎక్కువ పెట్టడం లాభమేనా?

మామూలు ఏసీకి తెలిసింది రెండే: పూర్తి వేగంతో నడవడం, ఆగిపోవడం. ఇన్వర్టర్ ఏసీ గది చల్లబడేకొద్దీ కంప్రెసర్ వేగం తగ్గించుకుంటుంది. వేగం తగ్గినా కాయిల్ సైజు అంతే ఉంటుంది కాబట్టి అదే చల్లదనానికి తక్కువ కరెంటు సరిపోతుంది. ఎక్కువ గంటలు నడిచే కొద్దీ లాభం ఎక్కువ. మధ్యాహ్నం ఓ గంట వేసి ఆపేసే గదిలో పెద్దగా తేడా కనిపించదు.

లాభనష్టాలు తేల్చడానికి తేలిక లెక్క ఉంది. రెండు మోడళ్ళ ధరల తేడాను, ఏడాదికి మిగిలే కరెంటు డబ్బుతో భాగించండి. ఉదాహరణకు పాత రకం ఏడాదికి 1,300 యూనిట్లు, ఇన్వర్టర్ 950 యూనిట్లు తీసుకుంటాయనుకుంటే మిగిలేది 350 యూనిట్లు. మీ యూనిట్ రేటుతో దాన్ని గుణిస్తే ఏటా మిగిలే డబ్బు తెలుస్తుంది. ధరల తేడా నాలుగైదేళ్ళలో తిరిగి వస్తే తీసుకోండి. పన్నెండేళ్ళు పడుతుందంటే వద్దు, అప్పటికి ఏసీయే ఉండకపోవచ్చు. ఇన్వర్టర్ రకంలో పీసీబీ పోతే ఖర్చు ఎక్కువన్న సంగతి కూడా పక్కన రాసుకోండి.

స్టార్లు ఎక్కువ ఉంటే చాలా?

స్టార్ల కంటే వాటి పక్కన చిన్న అక్షరాల్లో ఉండే అంకె చూడండి. సీజన్ మొత్తానికి లెక్కగట్టిన సామర్థ్యం అది. 5 అని ఉంటే ఒక యూనిట్ కరెంటుతో అయిదు యూనిట్లంత వేడిని బయటికి తోడుతుందని. ఒక్కో దేశంలో పేరు, లెక్కగట్టే పద్ధతి వేరుగా ఉంటాయి, కాబట్టి వేర్వేరు దేశాల లేబుళ్ళు పోల్చకూడదు. పైగా స్టార్ల హద్దులను అప్పుడప్పుడూ పైకి జరుపుతుంటారు. పదేళ్ళ కిందటి అయిదు స్టార్ల ఏసీ ఇప్పటి కొలతకు మూడో, రెండో కావచ్చు.

ఫిట్టింగ్ ఉచితం అన్నారు. తీరా వచ్చాక ఇంత బిల్లు ఎందుకు?

ఉచితమన్నది పనికి. సామానుకు కాదు. పెట్టెతో వచ్చే రాగిపైపు మూడు మీటర్ల చుట్టూ ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. మీ అవుట్‌డోర్ యూనిట్ మేడమీద ఉంటే మిగతా పైపు మీరే కొనాలి, మీటరు లెక్కన. పైపుతో పాటు దాని మీది ఇన్సులేషన్, కేబుల్, డ్రెయిన్ పైపు కూడా పొడవును బట్టి పెరుగుతాయి. పొడవు ఒక హద్దు దాటితే అదనంగా గ్యాస్ కూడా ఎక్కించాలి. అవుట్‌డోర్ స్టాండు, గోడకు కన్నం, పాత ఏసీ దింపే కూలి, ఎత్తులో పనిచేయాల్సి వస్తే దానికి వేరే. కొత్త ఏసీకి విడిగా లైను లాగి ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పెట్టాలంటే ఎలక్ట్రీషియన్ ఖర్చు ఇంకొకటి.

ఇవేవీ మోసం కాదు, అవసరమైనవే. మోసం ఎక్కడంటే ముందు చెప్పకపోవడంలో. ఏసీకి డబ్బు కట్టకముందే ఒక మనిషిని ఇంటికి పిలిపించి, పైపు ఎన్ని మీటర్లు పడుతుందో టేపు పెట్టి కొలిపించండి. ఏది ఉచితం, దేనికెంత అన్నది కాగితం మీద రాయించుకోండి. ఏసీ పెట్టె ఊడదీశాక, పాతది గోడ మీంచి దిగాక, నలుగురు పనివాళ్ళు ఎదురుచూస్తుంటే బేరమాడే సత్తా ఎవరికీ ఉండదు.

గోడలో ఉన్న పాత రాగిపైపులే వాడుకోవచ్చా?

సైజు కుదరాలి, మందం కొత్త గ్యాస్ ఒత్తిడికి తగినంత ఉండాలి, ఎక్కడా నొక్కుకుపోయి ఉండకూడదు. ఇవన్నీ ఉంటే లోపల పాత నూనె పోయేలా బాగా ఫ్లష్ చేసి, నైట్రోజన్‌తో ఒత్తిడి పెట్టి లీకు లేదని తేల్చుకుని వాడుకోవచ్చు. పాత ఏసీలో కంప్రెసర్ కాలిపోయి ఉంటే మాత్రం ఆశ పెట్టుకోకండి. కాలినప్పుడు పుట్టే ఆమ్లం పైపుల్లో పేరుకుని కొత్త కంప్రెసర్‌ను తినేస్తుంది. గోడ పగలగొట్టడం ఇష్టం లేకపోతే పాతపైపును లోపలే వదిలేసి, బయటినుంచి కొత్తది లాగి తొడుగు వేయించండి. చూడ్డానికి అంత బాగుండదు, కానీ లీకు వచ్చినప్పుడు చేతికి అందుతుంది.

ఫిట్టింగ్ సరిగ్గా చేశారో లేదో మనకెలా తెలుస్తుంది?

దగ్గరుండి చూడండి. మొహమాటపడకండి. మంచి ఏసీని పాడు చేసేది చాలాసార్లు మొదటి రోజు ఫిట్టింగే.

అన్నిటికన్నా ముఖ్యమైనది వ్యాక్యూమ్ పంపు. వచ్చినవాళ్ళ సంచిలో అది ఉందా లేదా అన్నది మొదట చూడాల్సిన సంగతి. పైపుల్లో ఉన్న గాలిని, తేమను పూర్తిగా లాగేశాకే గ్యాస్ వదలాలి. బయటి గాలి ఒత్తిడి సుమారు 760 మిల్లీమీటర్ల పాదరసం అయితే, పైపు లోపల దాన్ని అర మిల్లీమీటరుకు దించాలి. మెకానిక్‌ల భాషలో 500 మైక్రాన్లు. అంత తక్కువ ఒత్తిడిలో నీరు గది వేడికే మరిగి ఆవిరైపోతుంది, పంపు దాన్ని లాగేస్తుంది. కొందరు పంపు తేరు. వాల్వు కొంచెం తెరిచి కాస్త గ్యాస్ వదిలి, 'గాలి పోయిందండీ' అంటారు. గాలి కొంత పోతుందేమో, తేమ పోదు. ఆ తేమ కంప్రెసర్ నూనెతో కలిసి ఆమ్లంగా మారుతుంది. ఫలితం ఆ రోజు కనిపించదు, మూడు నాలుగేళ్ళకు కనిపిస్తుంది. అప్పుడు తిట్లన్నీ కంపెనీకి.

ఫ్లేర్ నట్లు చేతి అంచనాతో కాకుండా టార్క్ స్పానర్‌తో బిగిస్తే ఇంకా మంచిది. ఎక్కువ బిగిస్తే రాగి చీలుతుంది, తక్కువైతే లీకు. డ్రెయిన్ పైపు పొడవునా కిందికే వాలాలి, మధ్యలో ఎక్కడా పైకి లేవకూడదు. ఇండోర్ యూనిట్ ట్రేలో ఒక చెంబు నీళ్ళు పోయించి బయటికి వస్తున్నాయో లేదో అప్పుడే చూసుకోండి, లేకపోతే నెల తర్వాత గోడ మీద మరకలు చెబుతాయి. అవుట్‌డోర్ యూనిట్ వదిలే వేడిగాలి మళ్ళీ దాని వీపుకే చేరేలా ఇరుకు సందులో పెట్టించకండి. చూపు నుంచి దాచడానికి చుట్టూ అందమైన జాలీ కట్టిస్తారు కొందరు. పాపం అది ఊపిరాడక నడుస్తుంది, బిల్లు మీకొస్తుంది.

ముప్పావు గంటలో అంతా అయిపోయిందంటే ఏదో ఒకటి వదిలేసినట్టే.

రాగి కాయిలే తీసుకోవాలా?

రాగి కాయిల్‌లో లీకు వస్తే అతికించడం తేలిక, చేయగలవాళ్ళు ఎక్కువ. అల్యూమినియం కాయిల్ బరువు తక్కువ, చవక, కానీ లీకైతే ఎక్కువసార్లు కాయిల్ మొత్తం మార్చాల్సి వస్తుంది. అలాగని రాగికి తుప్పు రాదని కాదు, మురుగు వాసనలున్న చోట దానికీ చిన్నచిన్న రంధ్రాలు పడతాయి. పూత వేసిన కాయిల్ మేలు. ధరలో తేడా పెద్దగా లేకపోతే నేను రాగివైపే మొగ్గుతాను.

ఇల్లంతటికీ డక్టు ఏసీ ఉంది. బయటి యూనిట్ ఒక్కటి మారిస్తే సరిపోదా?

ఖర్చు సగమవుతుందనిపిస్తుంది, కానీ ఎక్కువ సందర్భాల్లో కాదు. లోపలి కాయిల్, బయటి యూనిట్ ఒకదానికొకటి జతగా చేసినవి. పాత కాయిల్‌కు కొత్త యూనిట్ తగిలిస్తే లేబుల్ మీద రాసిన సామర్థ్యం రాదు, గ్యాస్ రకం మారితే అసలు కుదరదు, వారంటీ కూడా చెల్లకపోవచ్చు. రెండూ కలిపి మార్చండి.

మార్చే ముందు డక్టులు, అంటే చల్లగాలిని గదులకు చేర్చే గొట్టాలు, చూపించండి. అతుకుల దగ్గర సందులుంటే చల్లగాలి గదుల్లోకి రాకుండా సీలింగ్ పైనే కారిపోతుంది. కొత్త యంత్రం పెట్టినా ఆ కారడం ఆగదు. అతుకులు మూయించడానికి అయ్యే ఖర్చు యంత్రంతో పోలిస్తే చాలా తక్కువ.

పదేళ్ళ వారంటీ అంటే పదేళ్ళు నిశ్చింతేనా?

ఆ పదేళ్ళు సాధారణంగా కంప్రెసర్ అనే ఒక్క ఇనుప డబ్బాకు. దాన్ని మార్చే కూలి, కొత్తగా నింపే గ్యాస్, రానుపోను రవాణా చాలా వారంటీల్లో మీ ఖాతాలోనే. పీసీబీకి, కాయిల్‌కు ఎన్నేళ్ళో వేరుగా అడగండి. బిల్లు, సీరియల్ నంబర్ ఫొటో తీసి దాచుకోండి, కొనగానే కంపెనీ దగ్గర నమోదు చేయించండి. బయటి మనిషితో ఫిట్టింగ్ చేయిస్తే వారంటీ పోతుందా అన్నది కూడా ముందే తెలుసుకోవాలి.

పాత ఏసీని ఏం చేయాలి?

ఎక్స్ఛేంజీలో ఇవ్వండి లేదా ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే అధీకృత కేంద్రానికి అప్పగించండి. అందులో రాగి ఉంది కాబట్టి ఊరికే ఇవ్వక్కర్లేదు. ఎక్స్ఛేంజీ ధర బాగా ఎక్కువ చూపిస్తున్నారంటే కొత్తదాని ధరలో కలిపారేమో చూడండి. దింపేటప్పుడు గ్యాస్ గాలిలోకి వదిలేయనివ్వకండి. ఏసీ నడిచే స్థితిలో ఉంటే దాన్ని అవుట్‌డోర్ యూనిట్‌లోకే లాగి వాల్వులు మూసేయవచ్చు. మెకానిక్‌కు అయిదు పది నిమిషాల పని.

ఎప్పుడు కొంటే తక్కువలో వస్తుంది?

చలికాలంలో. ధర సంగతి ఎలా ఉన్నా, ఆ రోజుల్లో మంచి మెకానిక్‌కు తీరిక ఉంటుంది. వేసవిలో రోజుకు ఆరు ఇళ్ళు తిరిగే మనిషి మీ ఇంట్లో వ్యాక్యూమ్ పంపు అరగంట నడిపిస్తాడని నమ్మకం లేదు.

కొత్తది పెట్టినా కరెంటు బిల్లు తగ్గలేదు. మోసపోయామా?

తొందరపడకండి. ముందు బిల్లులో డబ్బు కాకుండా యూనిట్లు పోల్చండి, రేటు పెరిగి ఉండొచ్చు. పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చండి, గత నెలతో కాదు. తర్వాత నిజాయితీగా ఒక మాట ఆలోచించుకోండి: పాతది శబ్దం చేస్తోందని, బిల్లు ఎక్కువని తెల్లవారుజామున ఆపేసేవాళ్ళు కదా, కొత్తది తక్కువ తాగుతుందన్న ధీమాతో పొద్దున ఎనిమిదింటి దాకా నడపడం లేదా? రిమోట్‌లో 18 పెట్టి దుప్పటి కప్పుకోవడం లేదా? చాలా ఇళ్ళలో మిగులు ఇలాగే కరిగిపోతుంది.

అదీ కాకపోతే ఏసీ లైనుకు యూనిట్లు లెక్కించే చిన్న మీటరు బిగించి ఒక వారం చూడండి. ఇన్వర్టర్ ఏసీ రాత్రి రెండు గంటలు గడిచాక కూడా మొదట్లో తీసుకున్నంత కరెంటే తీసుకుంటుంటే, గదికి ఏసీ చాలకపోవడమో, తలుపు కింద సందో, గ్యాస్ లీకో ఉండాలి. ఆ అంకెలు రాసిపెట్టుకుని వారంటీ ఉండగానే సర్వీసుకు ఫోన్ చేయండి.